పేడ తక్కువ, పొలం ఎక్కువ

2019 అక్టోబరులో నెదర్లాండ్స్ రైతులు వేలాది ట్రాక్టర్లతో హేగ్ నగరం మీదికి కదిలారు. గొడవకు మూలం పేడ. అక్కడి డెయిరీ ఫారాల్లో పశువులు ఎక్కువ, భూమి తక్కువ. పేడ, మూత్రాల నుంచి వచ్చే నత్రజని నేలకూ నీళ్లకూ మోయలేని బరువైంది. నత్రజనికి అనుమతులిచ్చే పద్ధతి చెల్లదని ఆ ఏడాది మేలో అక్కడి న్యాయస్థానం తేల్చింది. ఆ తరువాత పశువుల సంఖ్య తగ్గించాలన్న మాట పైకి రావడంతో రైతులు రోడ్డెక్కారు.

వరంగల్ జిల్లా నర్సంపేట రైతు కష్టం దీనికి సరిగ్గా తలకిందులు. ఇక్కడ పొలం ఉంది, పేడ లేదు.

నర్సంపేట చుట్టూ ఉన్న ఖానాపూర్, నల్లబెల్లి, దుగ్గొండి, చెన్నారావుపేట, నెక్కొండ మండలాల్లో పంటలకు కొదవ లేదు. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన పాఖాల చెరువు కింద వరి పండుతుంది. చలకల్లో మక్కజొన్న, రేగడిలో పత్తి, నీళ్లున్న చోట మిరప, పసుపు. పాఖాల అడవి అంచున తండాల పశువులు మేసిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు దుక్కి ట్రాక్టరుది, కోత హార్వెస్టరుది. ఎడ్లు పోయాక కొట్టం ఖాళీ అయింది. కొట్టం ఖాళీ అయ్యాక ఇంటి ముందరి పెంటకుప్ప కూడా చిక్కిపోయింది.

పాడీ పంటా కలిసిన పెద్ద క్షేత్రం అనగానే వందలాది ఆవుల షెడ్డు, పాలు పితికే యంత్రాలు, చుట్టూ వందల ఎకరాల మేత కళ్ల ముందుకొస్తాయి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఫెయిర్ ఓక్స్ అలాంటిదే. ఆవుల పేడ నుంచి తీసిన గ్యాస్‌తో పాల ట్యాంకర్లను నడిపిన పేరు దానికుంది. ఓరుగల్లు నేల మీద పాడి వేరు. ఇక్కడ పాడి అంటే ఇంటి వెనక రెండు మూడు బర్రెలు. అలాంటి ఇళ్లు వేలల్లో ఒక్కచోట చేరితే అదీ పెద్ద క్షేత్రమే. అది ఎట్లా ఉంటుందో చూడాలంటే హనుమకొండకు అవతల, భీమదేవరపల్లి మండలం ముల్కనూరుకు పోవాలి.

1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి అక్కడ సహకార సంఘం పెట్టారు. అప్పు, ఎరువు, విత్తనం, పంట అమ్మకం అన్నీ ఒకే గొడుగు కింద నడిచాయి. ఆ ఒరవడిలోనే 2002లో మహిళల డెయిరీ మొదలైంది. సర్కారు వాటా అక్కర్లేకుండా సంఘాలు పెట్టుకునే వీలిచ్చిన 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం దానికి ఆధారం. 'స్వకృషి' పేరుతో పాలు అమ్మే ఈ డెయిరీలో సభ్యులు మహిళలే, పాలకవర్గమూ మహిళలే. సభ్యుల సంఖ్య 20 వేలు దాటింది. పశువు మగవాళ్ల పేరున, చాకిరీ ఆడవాళ్ల నెత్తిన ఉండే చోట పాల బిల్లు ఆడవాళ్ల చేతికి రావడం చిన్న సంగతేమీ కాదు. మిరప ముంచినా పత్తి ముంచినా ఇంట్లో ఆడే డబ్బు అదొక్కటే.

పాల లెక్క అందరికీ తెలుసు. పేడ లెక్క మాత్రం ఎవరూ వేయరు.

ఒక బర్రె రోజుకు సుమారు 15 కిలోల పేడ వేస్తుంది. ఏడాదికి అయిదున్నర టన్నులు. కుప్పలో ఎండి, మాగి అది సగానికి తగ్గుతుంది. మాగిన పశువుల ఎరువులో నత్రజని నూటికి అర పాలు, అంటే టన్నుకు అయిదు కిలోలు. ఎకరానికి నాలుగు టన్నులు తోలితే 20 కిలోలు. దాదాపు అంతే నత్రజని 45 కిలోల యూరియా బస్తాలో ఉంటుంది, దాని ధర 270 రూపాయలకు లోపే. నాలుగు టన్నుల ఎరువు కొని, ట్రాక్టరు కిరాయి కట్టి, కూలీలతో చల్లించేసరికి దానికి ఎన్నో రెట్లు అవుతుంది. రైతు యూరియా వైపు మొగ్గింది తెలివి తక్కువై కాదు. సేంద్రియం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకుంటే బాగుండేది.

అయితే యూరియా బస్తాలో నత్రజని తప్ప ఇంకేమీ లేదు. పశువుల ఎరువులో భాస్వరం, పొటాష్, జింకుతో పాటు నేలకు ప్రాణమైన సేంద్రియ కర్బనం ఉంటుంది. అది తగ్గిన చలకలో వాన నీళ్లు నిలవవు, వేసిన యూరియా కూడా పంటకు అందకుండా కొట్టుకుపోతుంది. రెండో బస్తా వేయాల్సి వచ్చేది అందుకే. ఇంకో చిక్కేమిటంటే, ఎకరానికి ఏటా నాలుగు టన్నులు కావాలంటే ఒకటిన్నర బర్రె ఉండాలి. నాలుగెకరాల రైతుకు ఆరు బర్రెలు. అన్ని బర్రెలు సాకే ఇల్లు ఎక్కడుంది? పేడ ఒక్కదానితో సరిపెట్టలేమని ఒప్పుకున్నాకే మిగతా దారులు కనిపిస్తాయి.

మొదటి దారి గడ్డి. ఎకరా వరిలో గింజ ఎంతో గడ్డీ ఇంచుమించు అంతే, రెండున్నర టన్నుల దాకా వస్తుంది. బర్రెకు రోజుకు ఏడు కిలోల ఎండుమేత అనుకుంటే అది దాదాపు ఏడాది తిండి. ఒక ఎకరా, ఒక బర్రె. ఇంత చక్కగా కుదిరిన లెక్కను హార్వెస్టరు చెడగొట్టింది. గడ్డి మళ్లంతా చిందరవందరగా పడిపోతుంది, ఏరడానికి కూలి దొరకదు, యాసంగి నాట్లు ముంచుకొస్తాయి. అగ్గిపుల్ల గీస్తే పని అయిపోతుంది. ఆ మంటలో టన్ను గడ్డికి అయిదున్నర కిలోల నత్రజని, నేల పైపొరలోని సూక్ష్మజీవులు బుగ్గి అవుతాయి. వాము వేసుకునే రోజులు తిరిగి రావు గానీ, గడ్డిని కట్టలు కట్టే యంత్రాలు ఊళ్లలోకి వచ్చాయి. కట్టకింత అని తీసుకుంటారు. పాడి ఉన్నవాళ్లకు అది గిట్టుబాటే.

ఉత్త వరిగడ్డిలో సత్తువ తక్కువ. దానికో పాత ఉపాయం ఉంది. 100 కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే మెత్తబడి అరుగుదల పెరుగుతుంది. ఈ కొలత దాటితే పశువుకు విషమే, తూకం వేయకుండా చేయకూడదు. నర్సంపేట వైపు మక్కజొన్న విస్తారం కాబట్టి పాతర గడ్డి ఇంకా మేలు. కంకి పాలు పోసుకుని గట్టిపడే దశలో మొక్కను కోసి, ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కి పాతరేస్తే ఆరేడు వారాల్లో మాగి ఎండాకాలానికి పచ్చిమేత అవుతుంది. మేత మంచిదైతే పాలు పెరుగుతాయి, లీటరు పాలకు పశువు వదిలే మీథేన్ తగ్గుతుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో నూరేళ్ల లెక్కన మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే 28 రెట్లు గట్టిది.

రెండో దారి పచ్చిరొట్ట. తొలకరికి జీలుగ గానీ జనుము గానీ చల్లి, 45 రోజులకు పూత మీద కలియదున్నితే ఎకరానికి ఒక యూరియా బస్తాకు మించిన నత్రజని నేలలోనే తయారవుతుంది. మోత కూలి లేదు, కిరాయి లేదు. చెరువు మట్టి మూడోది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు రైతులు ఆ మట్టిని సొంత ట్రాక్టర్లతో చలకలకు తోలుకున్నారు. ఇక గొర్లమంద పెట్టించుడు తాతల నాటి అలవాటు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశానికే మొదటి స్థానం తెలంగాణది, సుమారు 190 లక్షలు. రాత్రంతా మంద పడుకున్న చలకలో ఎరువు దానంతటదే పరుచుకుంటుంది.

గోబర్ గ్యాస్ కథ కొంచెం చేదు. ఎనభైలలో ఊరూరా కట్టించిన గుంటలు చాలాచోట్ల పూడిపోయాయి. సిలిండరు రావడం ఒక కారణం, పశువులు పోవడం ఇంకో కారణం. రెండు ఘనపు మీటర్ల చిన్న ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ, అన్ని నీళ్లు పోయాలి. మూడు నాలుగు బర్రెలున్న ఇంటికే అది కుదురుతుంది. గుజరాత్‌లోని ఆనంద్ జిల్లా జకరియాపురాలో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఇదే ప్లాంటును మరో కోణంలో చూసింది. గ్యాస్ ఇంటికి, బయటికొచ్చే స్లర్రీ అమ్మకానికి. ఆడవాళ్లు సంఘం పెట్టుకుని స్లర్రీని ఎరువుగా అమ్ముతున్నారు. వంట గ్యాస్ ఆదా ఒక్కటే చూపిస్తే ఆగిపోయిన పథకం, ఎరువుకు ధర కట్టేసరికి లేచి నిలబడింది. ముల్కనూరు లాంటి డెయిరీ ఉన్న చోట పాలతో పాటు స్లర్రీనీ సేకరించడం అసాధ్యమేమీ కాదనిపిస్తుంది.

పురుగుమందుల సంగతి వేరే. 1997-98లో పురుగు పత్తిని తినేసినప్పుడు వరంగల్ జిల్లా రైతులు పురుగుమందే తాగి చనిపోయారు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను రాల్చేసింది, ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. ఇదే పాత జిల్లాలో, ఇప్పుడు జనగామలో ఉన్న లింగాల ఘనపురం మండలం ఏనబావి రైతులు ఇంకో తోవ పట్టారు. మొదట ఎర్ర గొంగళి పురుగు రెక్కలొచ్చి ఎగిరే తొలకరి రాత్రుల్లో ఊరంతా కలిసి మంటలు వేశారు. తరువాత వేప కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు వచ్చాయి. 2006 నాటికి సుమారు 280 ఎకరాల ఊరు రసాయనాలు పూర్తిగా మానేసింది. ఊరు చిన్నది, అందరూ ఒక్క మాట మీద నిలిచారు, పశువులను వదులుకోలేదు. ఈ మూడూ కుదరని చోట ఏనబావిని దించేయడం కష్టం. నర్సంపేట వైపు ఆశ ఏదంటే చపాటా మిరప. ఎర్రటి రంగుకూ తక్కువ కారానికీ పేరున్న ఈ రకానికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మందుల అవశేషాలు లేని కాయకు ఎక్కువ ధర అడిగే వీలు ఇలాంటి పంటకే ఉంటుంది.

ఇన్ని దారులున్నా ఒక మనిషి వీటన్నిటికీ బయటే ఉన్నాడు, కౌలు రైతు. పశువుల ఎరువులోని నత్రజని మొదటి పంటకు సగం కూడా అందదు, మిగతాది రెండు మూడేళ్ల పాటు మెల్లగా దిగుతుంది. కౌలు మాట మాత్రం ఏడాదికే, అదీ నోటి మాటే. వచ్చే ఏడు ఎవరు దున్నుతారో తెలియని మడిలో ఈ ఏడు ఎరువు ఎందుకు పోస్తాడు? 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టా ఉన్నవారికే చేరింది. మూడేళ్ల కౌలు కాగితం రాసిచ్చే యజమాని దొరికితే జీలుగ చల్లడానికి కౌలు రైతుకు అభ్యంతరం లేదు. కాగితం రాస్తే భూమి పోతుందేమోనన్న భయం యజమానిది.