క్రిప్టో వంతెన ఎంత గట్టిది?

ఇథీరియం, సొలానా, పాలిగాన్ వంటి బ్లాక్‌చెయిన్‌లు ఒక్కొక్కటీ ఒక్కో ఖాతాపుస్తకం. ఒక పుస్తకంలో రాసిన లెక్క మరో పుస్తకానికి తెలియదు. ఇథీరియంలో ఉన్న సొమ్మును సొలానాలో వాడుకోవాలంటే మధ్యలో ఒక ఏర్పాటు కావాలి. దానినే క్రాస్‌చెయిన్ బ్రిడ్జి అంటారు. పేరుకు వంతెనే గానీ, దాని మీదుగా సొమ్ము నడిచి వెళ్లదు. చాలా బ్రిడ్జిలు ఈ గట్టున సొమ్మును ఖజానాలో పెట్టి తాళం వేస్తాయి, ఆ గట్టున అంతే విలువకు కొత్త టోకెన్ ఇస్తాయి. సొమ్ము వెనక్కి కావాలంటే ఆ టోకెన్‌ను రద్దు చేసి తాళం తీస్తాయి.

హైదరాబాద్ పాతబస్తీలో ఈ ఏర్పాటు సులువుగానే అర్థమవుతుంది. ఫలక్‌నుమా, బార్కస్ ప్రాంతాల్లో గల్ఫ్ సంపాదన మీద నడిచే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడ హవాలా అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. దుబాయ్‌లో ఒకరి చేతిలో దిర్హాములు పెడితే, ఇక్కడ మరొకరు రూపాయలు తెచ్చి ఇస్తారు. నోట్లు సముద్రం దాటవు, మాట దాటుతుంది. హవాలా మన దేశంలో చట్టవిరుద్ధం. బ్రిడ్జి సాంకేతికంగా వేరే వస్తువు. అయినా అదీ మాట మీదే నిలబడి ఉంది. ‘అక్కడ సొమ్ము జమ అయింది’ అని ఎవరు చెబుతున్నారు? ఆ మాట నిజమని ఎలా తేలుతుంది? బ్రిడ్జి భద్రతను అంచనా వేయడమంటే ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకడమే.

సాక్షులు ఎందరు, ఎవరు?

జమ జరిగిందని ధ్రువీకరించేవారిని వ్యాలిడేటర్లు అంటారు. వీరు సంతకం చేస్తేనే ఖజానా తెరుచుకుంటుంది. ‘యాక్సీ ఇన్ఫినిటీ’ ఆట కోసం కట్టిన రోనిన్ బ్రిడ్జికి తొమ్మిది మంది వ్యాలిడేటర్లు ఉండేవారు. ఐదు సంతకాలు చాలు. ఆ తొమ్మిదిలో నాలుగు తాళంచెవులు ఒకే సంస్థ దగ్గర ఉన్నాయి. ఐదోదాని తరఫున సంతకం చేసే వీలు కూడా, తాత్కాలికంగా ఇచ్చిన అనుమతి రద్దు కాక, ఆ సంస్థకే మిగిలిపోయింది. 2022 మార్చి 23న హ్యాకర్లు ఆ ఐదింటినీ చేజిక్కించుకుని దాదాపు 62 కోట్ల డాలర్ల విలువైన సొమ్ము తరలించారు. ఆరు రోజుల తర్వాత ఒక వినియోగదారు సొమ్ము తీసుకోబోయి తీసుకోలేకపోయేదాకా సంగతి బయటపడలేదు. అదే ఏడాది జూన్‌లో హార్మొనీ సంస్థ హొరైజన్ బ్రిడ్జి నుంచి సుమారు 10 కోట్ల డాలర్లు పోయాయి. అక్కడ ఐదింట్లో రెండు సంతకాలే సరిపోయేవి.

అందుకే సంఖ్యను చూసి ఊరుకోకూడదు. ఆ సాక్షులు ఒకరికొకరు సంబంధం లేని సంస్థలేనా, ఎన్ని సంతకాలకు తాళం తీస్తారు అన్నది అసలు లెక్క. తొమ్మిది తాళంచెవులూ ఒకే గుత్తికి ఉంటే అది ఒక్క తాళంచెవి కిందే లెక్క.

ఒక్క సంతకం చేసే నష్టం కంప్యూటర్లతో పుట్టినది కాదు. ఫలక్‌నుమా ప్యాలెస్ యజమాని అయిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలోనే హైదరాబాద్‌కు ఆ అనుభవం ఎదురైంది. పోలీసు చర్య ముగిసిన కొద్ది రోజులకే, 1948 సెప్టెంబర్ 20న, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి 10,07,940 పౌండ్ల పైచిలుకు సొమ్ము బ్రిటన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా పేరుకు బదిలీ అయింది. బదిలీ చేయించినవారు నిజాం ప్రభుత్వంలోని మొయిన్ నవాజ్ జంగ్. తన అనుమతి లేదంటూ నిజాం కొద్ది రోజుల్లోనే సొమ్ము వెనక్కి అడిగారు. అప్పటికే ఆలస్యమైంది. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు తీర్పు చెప్పేదాకా, 71 ఏళ్లు ఆ సొమ్ము బ్యాంకులోనే చిక్కుకుపోయింది. అక్కడ కనీసం సొమ్మును ఆపి ఉంచే బ్యాంకు, వాదన వినే కోర్టు ఉన్నాయి. బ్రిడ్జిలో తప్పుడు సంతకానికి సొమ్ము నిమిషాల్లో చేతులు మారుతుంది.

రాతలో తప్పు

సాక్షులు నిజాయితీపరులే అయినా, బ్రిడ్జిని నడిపే ప్రోగ్రాములో లోపం ఉంటే ఖజానా తెరుచుకుంటుంది. 2022 ఫిబ్రవరిలో వార్మ్‌హోల్ బ్రిడ్జికి జరిగింది అదే. సొలానా వైపు ప్రోగ్రాము దొంగ సంతకాన్ని అసలుదిగా నమ్మింది. జమ లేకుండానే 1,20,000 ఈథర్‌కు సరిపడా టోకెన్లు పుట్టుకొచ్చాయి. ఆ నష్టాన్ని వెనకున్న జంప్ క్రిప్టో సంస్థ పూడ్చింది. అలా పూడ్చే సంస్థ ప్రతి బ్రిడ్జికీ ఉండదు. అదే ఏడాది ఆగస్టు 1న నోమాడ్ బ్రిడ్జి మరో రకంగా కూలింది. ఒక మార్పు చేసినప్పుడు దొర్లిన పొరపాటు వల్ల ప్రతి సందేశమూ ముందే ధ్రువీకరించినట్టు చెల్లుబాటైంది. ఒకరు చేసిన లావాదేవీని ఇతరులు కాపీ చేసి, చిరునామా మార్చి పంపితే చాలు. సుమారు 19 కోట్ల డాలర్లు గంటల్లో ఖాళీ అయ్యాయి.

భారతీయులు మొదలుపెట్టిన పాలిగాన్‌కు ఇదే ప్రమాదం ఎదురై తప్పిపోయింది. 2021 అక్టోబర్‌లో ఒక పరిశోధకుడు దాని ప్లాస్మా బ్రిడ్జిలో లోపం కనిపెట్టి ముందే చెప్పాడు. 85 కోట్ల డాలర్ల దాకా సొమ్మును ప్రమాదంలో పెట్టిన ఆ లోపాన్ని చెప్పినందుకు సంస్థ 20 లక్షల డాలర్ల బహుమానం ఇచ్చింది. ఆడిట్ నివేదికలతో పాటు ఇలాంటి బహుమాన పథకం ఉందా అని చూడాల్సింది అందుకే. నోమాడ్ అనుభవం ఇంకొకటి నేర్పుతుంది. ఆడిట్ తర్వాత మార్చిన ప్రోగ్రాముకు పాత ఆడిట్ హామీ కాదు. ప్రోగ్రామును ఎవరు మార్చగలరు, మార్పు అమలయ్యేలోగా జనం సొమ్ము తీసుకునేంత గడువు ఉందా అన్నవి తప్పక తెలుసుకోవాలి.

ఏ రకం బ్రిడ్జి?

అన్ని బ్రిడ్జిలూ బయటి సాక్షుల మీద ఆధారపడవు. కాస్మాస్ అనే బ్లాక్‌చెయిన్‌ల కుటుంబంలోని ఐబీసీ పద్ధతిలో ఒక చెయిన్ రుజువును మరో చెయిన్ స్వయంగా సరిచూస్తుంది. ఇథీరియం మీద ఆధారపడి నడిచే ఆర్బిట్రమ్, ఆప్టిమిజమ్‌ల సొంత బ్రిడ్జిలు ఇథీరియానికి తిరిగి వచ్చే సొమ్మును సుమారు వారం రోజులు ఆపి, అభ్యంతరం చెప్పే అవకాశమిస్తాయి. ఆలస్యం విసుగనిపించినా అది రక్షణే. సర్కిల్ సంస్థ 2023లో తెచ్చిన పద్ధతిలో, డాలర్ విలువకు ముడిపడిన టోకెన్ యూఎస్‌డీసీ ఒక చెయిన్‌లో రద్దై మరో చెయిన్‌లో అసలుదిగానే పుడుతుంది. దోచుకోవడానికి ఖజానా ఉండదు. బదులుగా సర్కిల్‌ను నమ్మాలి.

పంపేవారి వంతు

లాక్ చేసిన సొమ్ము, జారీ చేసిన టోకెన్లు సమానంగా ఉన్నాయా అన్నది బ్లాక్‌చెయిన్‌లోనే చూడవచ్చు. ఒక రోజులో బయటికి వెళ్లే సొమ్ముకు పరిమితి, ప్రమాదంలో ఆపే ఏర్పాటు ఉన్న బ్రిడ్జి మేలు. ఆ ఆపే అధికారం ఎవరిదో కూడా చూడాలి. 2023లో మల్టీచెయిన్ అనే బ్రిడ్జి అధిపతిని చైనా పోలీసులు తీసుకుపోయాక తాళంచెవులన్నీ ఆయన దగ్గరే ఉన్నాయని తేలింది. బ్రిడ్జి మూతపడింది.

మొదట చిన్న మొత్తం పంపి చూడటం, వెబ్ చిరునామా అక్షరం అక్షరం సరిచూడటం, వాలెట్‌లో అపరిమిత అనుమతి ఇవ్వకపోవడం, ఇచ్చినదాన్ని పని కాగానే రద్దు చేయడం తప్పనిసరి. అవతల దక్కిన టోకెన్‌ను దాచుకోవడం కంటే అసలు నాణెంగా మార్చుకోవడం మంచిది. బ్రిడ్జి కూలితే ఆ టోకెన్ విలువా దానితోనే పోతుంది.

మన దేశంలో బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. క్రిప్టో లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను ఉంది గానీ, బ్రిడ్జిలో పోయిన సొమ్ముకు బీమా లేదు. గల్ఫ్‌లో ఎండకు ఓర్చి సంపాదించిన సొమ్ము ఇంటికి పంపడానికి బ్యాంకులు, అనుమతి పొందిన ఎక్స్ఛేంజీ సంస్థలు ఉండగా, ఇంటి ఖర్చు సొమ్మును బ్రిడ్జి మీద పెట్టనక్కర్లేదు. పెట్టక తప్పని పరిస్థితి వస్తే, పోయినా తట్టుకోగలిగినంత మొత్తమే పెట్టాలి.