బూడిదలోని బలం

సిమెంటు నీటితో కలిసినప్పుడు రసాయనిక చర్య జరిగి, ఇసుకను, కంకరను పట్టి ఉంచే బంధక పదార్థం ఏర్పడుతుంది. దానితోపాటు ఏర్పడే సున్నం మాత్రం కట్టడానికి అంతగా బలమివ్వదు. థర్మల్ విద్యుత్ కేంద్రాలలో బొగ్గు మండగా వచ్చే సన్నని బూడిదను సిమెంటులో కలిపితే, బూడిదలోని సిలికా ఆ సున్నంతో చర్య జరిపి మరికొంత బంధక పదార్థాన్ని ఏర్పరుస్తుంది. బూడిద రేణువులు కాంక్రీటులోని సూక్ష్మ రంధ్రాలను కూడా పూడుస్తాయి. ప్రాచీన రోమనులు అగ్నిపర్వతాల బూడిదను సున్నంలో కలిపి కట్టిన కట్టడాల దృఢత్వానికి ఇటువంటి చర్యే ఆధారం.

అయితే ఈ చర్య మెల్లగా సాగుతుంది. అందువల్ల తొలి రోజులలో తక్కువగా ఉన్న బలం నెలలు గడిచే కొద్దీ పెరుగుతుంది. నీరు లేనిదే ఈ చర్య జరగదు. అందుకే సాధారణ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, బూడిద కలిసిన కాంక్రీటును కనీసం 10 రోజులు తడిగా ఉంచాలని భారతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. తొందరపడి తడపడం మానితే, బలమివ్వవలసిన బూడిదే బలహీనతకు కారణమవుతుంది.