ధర్మారం రబ్బరు వేళ్లు

2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక యువకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. వాళ్లు చెప్పిన వివరాలివి. అతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు డౌన్‌లోడ్ చేసుకున్నాడు. వాటిలోని ఆధార్ నంబర్లు రాసుకుని, వేలిముద్రలతో రబ్బరు అచ్చులు పోశాడు. వాటితో దాదాపు 6,000 సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఇదంతా అమ్మకాల టార్గెట్ అందుకోవడానికే!

సిమ్ ఇచ్చే ముందు వేలిముద్రను సరిచూసే యంత్రం రబ్బరు వేలికి ఎలా మోసపోయింది? మన వేలి మీద గీతలు సుమారు అర మిల్లీమీటరు ఎడంతో ఉంటాయి. అవి ఎక్కడ ఆగిపోతున్నాయి, ఎక్కడ రెండుగా చీలుతున్నాయి అన్నదే సాఫ్ట్‌వేర్ పోల్చి చూస్తుంది. రబ్బరు స్టాంపుల తయారీలో వాడే పాలిమర్ వెలుగు పడ్డచోట గట్టిపడుతుంది, పడనిచోట కడిగితే పోతుంది. దానికి అర మిల్లీమీటరు గీత పెద్ద కష్టమేమీ కాదు. వేలికి ప్రాణం ఉందో లేదో చూడని స్కానర్‌కు అసలూ నకలూ ఒకటే. పాస్‌వర్డ్ దొంగల పాలైతే మార్చుకుంటాం. వేలిముద్రను మార్చుకోలేం. అందుకే దాన్ని ఏ పనికి ఇచ్చామో ఆ పనికే కట్టడి చేయాలి.

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కంపెనీలకు పెట్టిన ప్రధాన షరతు ఇదే. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో ముందే నోటీసులో చెప్పాలి. ఆ నోటీసును తెలుగులోనూ చదువుకునే వీలుండాలి. పని అయిపోయాక, మరో చట్టం ఉంచమంటే తప్ప, ఆ సమాచారాన్ని చెరిపేయాలి. సమ్మతి తీసుకున్నామని వివాదం వచ్చినప్పుడు రుజువు చేయాల్సింది కంపెనీయే. తన తరఫున పనిచేసే ఏజెన్సీ తప్పు చేసినా జవాబు చెప్పాల్సింది కంపెనీయే. ‘అది డీలర్ చేసిన పని’ అని తప్పించుకోవడం ఇక అంత తేలిక కాదు.

సమాచారం బయటికి పొక్కితే బాధితులకు ఆలస్యం లేకుండా తెలపాలి, డేటా పరిరక్షణ బోర్డుకు 72 గంటల్లో పూర్తి వివరాలివ్వాలి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉంటుంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలు మాత్రం 18 నెలల గడువు తర్వాతే అమల్లోకి వస్తాయి.

ఇంతా చేసి ధర్మారం కథ మొదలైనచోట ఒక కంత మిగిలే ఉంది. ఏదైనా చట్టం ప్రకారం బహిరంగంగా ఉంచాల్సిన సమాచారం ఈ చట్టం పరిధిలోకి రాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమేమో, రుసుము కడితే స్థిరాస్తి దస్తావేజుల వివరాలు ఎవరైనా చూడొచ్చంటుంది. భూమి ఎవరిదో నలుగురికీ తెలియాల్సిందే, అమ్మినవాడి వేలిముద్ర తెలియనక్కర్లేదు. దాన్ని కప్పి ఉంచడం ఆఫీసుల పని. మన చేతిలో ఉన్నదల్లా ఆధార్ బయోమెట్రిక్స్‌ను లాక్ చేసుకోవడం. ఎంఆధార్ యాప్‌లో ఆ సదుపాయం ఉంది, అవసరమైనప్పుడు మళ్లీ తెరుచుకోవచ్చు.