పాత కారునకు పరదేశపు రేడియో

గృహమున పాతవస్తువునకు రెండువిధములైన విలువ గలదు. దానివలన నేటికిని జరుగు పని యొకటి. దానితో పెనవేసికొనిన జ్ఞాపకము రెండవది. అత్తగారు వాడిన రాగిబిందె నేటికిని నీటికి పనికివచ్చును గావున దానియందు రెండు విలువలును గలవు. కాని పనిచేయునో చేయదో తెలియని పాతవస్తువును ధనము వెచ్చించి దూరదేశమునుండి తెప్పించుకొనుట వివేకమా యని యడిగినచో, బదులు చెప్పుటకు ముందు కొంత విచారింపవలసి యుండును. పాతకాలపు కారులను బాగుచేయించి యుంచుకొనువారి యిండ్లలో నిట్టి ప్రశ్న పుట్టుచుండును. కారు సిద్ధమైన పిదప, ఆ కాలమునాటి రేడియోయే దానిలో నుండవలయునను కోరిక కలుగును. అట్టిది మనదేశమున దొరకుట అరుదు. ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశములనుండి తెప్పింపవలసి వచ్చును.

మా జహీరాబాదున మాకు పరిచితురాలైన యొక వృద్ధురాలి యింట 1962వ సంవత్సరపు అంబాసిడరు కారు గలదు. ఆమె భర్త గతించిన పిదప చాలకాలము కొట్టములో పడియున్న యా కారును మనుమడు బాగుచేయించినాడు. రేడియో యుండవలసిన చోట మాత్రము రేకుముక్క బిగించి యున్నది. ఇంగ్లండున నొకరు అమ్మజూపిన రేడియోను తెప్పింతునని యతడనగా, వంటయింటి పైకప్పునకై కూడబెట్టిన సొమ్ములో సగము దానికే పోవునని యామె చింతించినది. "నానమ్మా, తాత ఉన్ననాడు కారు ఎట్లుండెనో అట్లనే చేయిస్త" నని మనుమని మాట. "అంత దూరంనుంచి తెచ్చినది మన ఊరి మాట వినిపిస్తదా అమ్మా?" యని యామె మమ్మడిగినది. ఈ ప్రశ్న మాకు మిక్కిలి యుచితముగ తోచినది. మా యింటివారు పాఠశాలలో ప్రకృతిశాస్త్రము బోధించువారు. వారితో చర్చించి తెలిసికొనిన విషయములను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

కారులో రేడియో యమర్చుట తొంబదియేండ్లకు పైబడిన వింత. 1930లో అమెరికాలోని షికాగో నగరమున గాల్విన్ సోదరులు "మోటరోలా" యను పేర కారు రేడియోలను విక్రయింప నారంభించిరి. 1932లో జర్మనీదేశపు బ్లౌపుంక్ట్ సంస్థ తన మొదటి కారు రేడియోను వెలువరించెను. దాని వెల 465 మార్కులు; ఆనాడది ధనవంతులకే సాధ్యము. మన హైదరాబాదున దక్కను రేడియో 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల శక్తితో ప్రసారము ప్రారంభించెను. 1950 ఏప్రిలు 1న దానిని భారతప్రభుత్వము స్వీకరించినది. ఆ దినములలో ప్రసారములు ఎక్కువగ మీడియం వేవ్ మీద సాగుచుండెను గావున కారు రేడియోలును ప్రధానముగ దానికే నిర్మింపబడెను.

ఇక కొనుటకు పూర్వము పరీక్షింపవలసిన విషయములను చెప్పెదము. మొదటిది బ్యాటరీ శక్తి. 1950 ప్రాంతపు అమెరికా కారులలో పెక్కింటికి 6 వోల్టుల బ్యాటరీ యుండెడిది. పిదప 12 వోల్టులు వచ్చినవి. 6 వోల్టుల రేడియోను 12 వోల్టుల కారునకు నేరుగా కలిపినచో అది మాడిపోవును. రెండవది ధ్రువము. నేటి కారులలో బ్యాటరీ ఋణధ్రువమును కారు కాయమునకు కలుపుదురు. ఆనాటి బ్రిటిషు కారులలో పెక్కింట ధనధ్రువమును కలుపుట పరిపాటి. అంబాసిడరు బ్రిటనుదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారునుబట్టి నిర్మింపబడినది గనుక ఈ సంగతి ముందుగా చూచుకొనవలెను. రేడియో పెట్టె కూడ లోహమే. అది కారు కాయమును తాకుచుండును. ధ్రువములు తారుమారైనచో, ముఖ్యముగ ట్రాన్సిస్టరు రేడియో, క్షణమాత్రమున చెడిపోవును. కొన్ని రేడియోలలో ధ్రువమును మార్చుకొను నమరిక గలదు. అది యున్నదో లేదో అమ్మువానిని వ్రాతపూర్వకముగ నడుగవలెను.

మూడవది లోపలి భాగముల యారోగ్యము. వాల్వుల రేడియోకు బ్యాటరీనుండి వచ్చు 12 వోల్టులు చాలవు; సుమారు 200 వోల్టులకు పైగా కావలెను. అందులకై వైబ్రేటరు అను చిన్న సాధనము విద్యుత్తును వడివడిగా తెంచుచు కలుపుచు నుండగా, ట్రాన్స్‌ఫార్మరు దానిని పెంచును. ఏండ్లతరబడి వాడనిచో వైబ్రేటరు లోపలి మొనలు అంటుకొనిపోవును. మైనపుకాగితపు కెపాసిటర్లు తేమ పీల్చి పాడగును. "మా యింట చక్కగా పాడినది" అను మాట నలుబదియేండ్ల క్రిందటిది కావచ్చును. కావున పాడుచుండగా తీసిన చలనచిత్రమును చూపుమని కోరుట మేలు. ఇంటికి వచ్చిన పిదప మూత తీసి బిడ్డలను దగ్గరకు రానీయరాదు. లోపలి విద్యుత్తు ప్రమాదకరమైనది.

వెల విషయమున అమ్మువాడు చెప్పిన సంఖ్యతో లెక్క ముగియదు. వస్తువు వెలకు ఓడ లేక విమానపు కూలి, భీమా కలిపి, ఆ మొత్తముపై కస్టమ్స్ సుంకము కట్టుదురు. సుంకమును గూడ చేర్చిన మొత్తముపై మరల జి.ఎస్.టి. పడును. వాడిన వస్తువుల దిగుమతికి వేరుగ నిబంధనలును గలవు. అనుమతిపత్రము లేనిచో వస్తువు రేవులోనే నిలిచిపోవచ్చును. డబ్బు పంపుటకు ముందే కస్టమ్స్ ఏజెంటు నొకనిని విచారించుట గృహిణికి తగిన జాగ్రత్త. గాజు వాల్వులను వేరుగ చుట్టి పంపుమని చెప్పుట మరువరాదు.

పాత కారులో పాత రేడియోయే యుండవలెనని చట్టము నిర్బంధించునా యని కొందరి సందేహము. 2021లో వచ్చిన కేంద్రనిబంధనలనుబట్టి, ఏబదియేండ్లు దాటిన కారును "వింటేజి"గ నమోదు చేయించుకొని "వి.ఎ." అక్షరములు గల సంఖ్యను పొందవచ్చును. నమోదు రుసుము 20,000 రూపాయలు. చాసిస్సు, పైకాయము, ఇంజను మార్పు లేక యుండవలెనని ఆ నిబంధనల యాశయము. రేడియో వాటిలో లేదు. కాబట్టి కాలమునకు తగిన రేడియో యనునది యజమాని యభిరుచియే గాని ప్రభుత్వాజ్ఞ గాదు.

ఇక ఆ వృద్ధురాలి ప్రశ్నకు వత్తము. మనుమడు కోరిన ఇంగ్లండు రేడియోలో మీడియం వేవ్, లాంగ్ వేవ్ అను రెండే గలవు. లాంగ్ వేవ్ మీద మనదేశమున ప్రసారములే లేవు. మీడియం వేవ్ ప్రసారిణులను ఆకాశవాణి యిటీవల పెక్కు చోట్ల మూసివేసినది. మరి మన ఊరి మాట యెక్కడ వినవచ్చును? జహీరాబాదునకు సమీపమునగల మాచ్నూరు గ్రామమున 2008 అక్టోబరు 15న "సంఘం రేడియో" ప్రసారములు ప్రారంభమైనవి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘములలోని దళిత స్త్రీలే దానిని నడపిరి. అనుమతి లభింపక పూర్వము వారు సుమారు పదియేండ్లు తమ పాటలను, చిరుధాన్యముల సేద్యమును, ఇంటి వైద్యమును టేపులమీద నెక్కించి సంఘములలో వినిపించుచుండిరి. అనుమతి వచ్చిన పిదప వారి మాట 90.4 మెగాహెర్ట్జుల ఎఫ్.ఎం. మీద చుట్టుప్రక్కల పల్లెలకు చేరినది. ఆ ఇంగ్లండు రేడియో ఎంత చక్కనిదైనను ఈ మాటను వినలేదు.

అట్లని పాత రేడియోలన్నియు చెవిటివి గావు. బ్లౌపుంక్ట్ సంస్థ 1952లోనే ఎఫ్.ఎం. గల కారు రేడియోను తెచ్చెను. అంబాసిడరునకు సమవయస్కములైన జర్మను రేడియోలలో నట్టివి గలవు. అయితే వానియందును అంకెలపలకను చూడవలెను. జపానుదేశపు పాత ఎఫ్.ఎం. 76 మొదలు 90 వరకే యుండెను, 90.4 దానికి కొద్దిలో తప్పిపోవును. పూర్వపు సోవియట్ దేశపుది 66 మొదలు 73 వరకు. వెలుపలి ముఖమును పాతదిగనే యుంచి లోపల క్రొత్త యంత్రమును పెట్టించువారును గలరు. అట్లు చేసినచో తీసిన పాతభాగములను పారవేయక పెట్టెలో భద్రపరుపవలెను.

మా వృద్ధురాలి యింట మొదట వంటయింటి పైకప్పు వేయింపవలెననియు, ఇంగ్లండు రేడియో బేరము మానవలెననియు నానమ్మయు మనుమడును ఏకాభిప్రాయమునకు వచ్చిరి. పిదప తీరికగ ఎఫ్.ఎం. గల పాత రేడియోను వెదకుదురట. తాతగారి కారుపై మనుమనికిగల మమకారమును మేము తప్పుపట్టము. పెద్దల వస్తువును చక్కబెట్టుకొనుట ఋణము తీర్చుకొనుట వంటిది.

సోదరీమణులారా! వస్తువు కాలమునకు తగినదా యని పురుషులు చూచుచుందురు. అది చోటునకు తగినదా, ఇంటి శక్తికి తగినదా యని చూచుట మన వంతు. బ్యాటరీ కలియునా, సుంకముతో మొత్తమెంత, ఏ మాట వినవచ్చును అను మూడు ప్రశ్నలకు సమాధానము వచ్చినగాని పెట్టె తాళము తీయవలదు. మూడును సరిపడినచో నిస్సంకోచముగ తెప్పించుకొనవచ్చును. సముద్రములు దాటి వచ్చిన పాతపెట్టెలో పొరుగూరి యాడుబిడ్డ గొంతు పలికిననాడు ఆ ధనము సార్థకమగును.