పాత మీటలకు క్రొత్త యంత్రము

గత వేసవి సెలవులలో అమెరికా దేశమున నుండు నా పినతండ్రి కుమారుడు ఇంటికి వచ్చుచు నా కొక వింత కానుకను దెచ్చెను. అది 'కమడోర్ 64' అను పాతకాలపు గృహ కంప్యూటరు. దాని లోపలి పలక యేనాడో చెడి మూగవోయినది. "అన్నయ్యా, ఇది పలుకదు, నీవైతే పారవేయవని తెచ్చితిని" అని యాతడు నవ్వుచు నా చేతి కిచ్చెను.

పైకి చూచిన నది లావుపాటి మీటల పలకవలె నుండును. కంప్యూటరంతయు మీటల క్రిందనే యిమిడియుండుట ఆ కాలపు పద్ధతి. 1982వ సంవత్సరమున 595 డాలరుల వెలతో అమెరికాలో అమ్మకమునకు వచ్చి, 1994 వరకు తయారగుచు, కోటికి మించిన సంఖ్యలో అమ్ముడుపోయిన యంత్రమిది. దాని జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు మాత్రమే. నేటి చేతి ఫోను తీయు ఒక్క చిత్రమైనను అందు పట్టదు. కావున ఆ యంత్రమును మరల నడిపి నేటి పనులు చేయించుట వ్యర్థ ప్రయత్నము. అయినను దాని మీటలు చెక్కుచెదరలేదు. 66 మీటలును వ్రేలి క్రింద గట్టిగా దిగి చక్కగా లేచుచున్నవి. ఆ మీటల నైనను బ్రతికింప రాదా యని నాకు తోచెను.

పట్టణములో మరమ్మతులు చేయు నొకనికి చూపగా, "తీగలు కోసి, నేటి చవుక కీబోర్డులోని చిన్న పలకను లోపల నతికింపుడు" అని యాతడు చెప్పెను. ఆ సలహా నాకు నచ్చలేదు. కోసిన తీగ మరల మొదటివలె కాదు. ఒకనాడు మరియొకరు దీనిని దాని సొంత యంత్రముతో కూర్చదలచినయెడల వారికి మనమేమి మిగిల్చినట్లు? కాబట్టి ఒక్క తీగను కోయక, ఒక్క మీటను మార్చక, దీనిని నేటి కంప్యూటరునకు కలుపవలెనని మా పాఠశాల సైన్సు సంఘపు విద్యార్థులును నేనును నిశ్చయించుకొంటిమి. మేమేమి చేసితిమో, అది యెట్లు పనిచేయుచున్నదో తెలుపుటకే యీ వ్యాసము.

మొదట గ్రహింపవలసినది, మీట యనగా అక్షరము కాదు. 'ఏ' అను మీటను నొక్కినప్పుడు ఆ పలకనుండి 'ఏ' అను అక్షరమేదియు బయలుదేరదు. రెండు తీగలు ఒకదాని నొకటి తాకును. జరుగునది అంతమాత్రమే. ఒక ఊరిలో ఎనిమిది వీధులు తూర్పు పడమరలుగను, ఎనిమిది వీధులు ఉత్తర దక్షిణములుగను ఉన్నవనుకొనుడు. అవి ఒకదాని నొకటి దాటుచోట్లు 64. ఈ పలకలో ప్రతి దాటుచోటను ఒక మీట గలదు. అందుచేతనే 64 మీటలకు 128 తీగలకు బదులుగా 16 తీగలే చాలుచున్నవి. మరి మీటలు 66 గదా యని బాలురు వెంటనే యడిగిరి. షిఫ్ట్ లాక్ అను మీట యెడమ షిఫ్టునకు జోడుగా నుండి అదే దాటుచోటును వాడుకొనును. రెస్టోర్ అను మీటయో ఈ వీధులలో చేరక, తన సొంత తీగతో వేరుగా నుండును.

పలక వెనుకనుండి వచ్చు కనెక్టరులో 20 స్థానములు గలవు. మొదటిది భూమి తీగ. రెండవచోట పిన్ను లేదు. కనెక్టరును తలక్రిందుగా పెట్టకుండుటకై దానిని కావలెననియే ఖాళీగా విడిచిరి. మూడవది రెస్టోర్ తీగ. నాలుగవది 5 వోల్టులది. దానితో మనకు పనిలేదు. తక్కిన 16 తీగలును పైజెప్పిన వీధులే. ఇందులో చిప్పుగాని ప్రోగ్రాముగాని లేదు. స్ప్రింగులును, కర్బనపు గుండీలును, రాగి గీతలును మాత్రమే యున్నవి. నలువది యేండ్లు దాటిన వస్తువు నేటి యంత్రముతో కలియగల్గుటకు కారణ మిదియే.

ఇక నడుమ నొక దుభాషి కావలెను. దానికై ఆర్డ్వినో లియొనార్డో అను చిన్న పలకను తెప్పించితిమి. అందులోని ఏటీమెగా 32యు4 అను చిప్పు యు.ఎస్.బి. తీగ ద్వారా తన్ను తానే కీబోర్డుగా కంప్యూటరునకు పరిచయము చేసికొనగలదు. మనకు 17 తీగలు కావలసియుండగా దానికి 20 గలవు. దాని పని యిట్లు సాగును: ఎనిమిది నిలువు వీధులలో ఒక్కదానిని సున్న వోల్టులకు దించి, అడ్డు వీధు లెనిమిదింటిని చూచును. ఏ అడ్డు వీధి సున్నకు దిగెనో, ఆ రెంటి దాటుచోటనున్న మీట నొక్కబడినదని అర్థము. పిమ్మట రెండవ వీధి, మూడవ వీధి. ఈ గస్తీ యంతయు కనురెప్పపాటులో పలుమారులు ముగియును. ఇందొక జాగ్రత్త గలదు. తక్కిన యేడు వీధులను 5 వోల్టులకు ఎత్తిపెట్టరాదు, ఊరక వదలివేయవలెను. లేనిచో ఒకే అడ్డు వీధిలో రెండు మీటలు నొక్కబడినప్పుడు 5 వోల్టులును సున్నయును నేరుగా ఢీకొని చిప్పు చెడును.

మరియొక చిక్కు మీట యదురుట. లోహముగాని కర్బనముగాని తాకునపుడు మొదటి కొన్ని మిల్లీ సెకండ్లు తాకియు తాకక తొట్రుపడును. దుభాషి తొందరపడినచో ఒక్క నొక్కుడునకు మూడక్షరములు పడును. కొద్దిసేపు తాళి, మార్పు నిలిచినదని తేలినపిదపనే చెప్పుమని ప్రోగ్రాములో వ్రాసితిమి.

మొదటిదినమున నా చేతనే యొక తప్పు జరిగెను. మీటల గుండీలను ఆల్కహాలుతో తుడువవలెనని పలక వెనుకనున్న చిన్న మరలన్నిటిని విప్పి తొందరగా లాగితిని. షిఫ్ట్ లాక్ మీటకు రెండు తీగలు టంకముతో అతికియుండునని, ముందు వానిని విడదీయవలెనని, నే నెరుగనైతిని. ఒక తీగ తెగెను. తీగ కోయరాదని పిల్లలకు బోధించినవాడనే తెంపితిని! తొమ్మిదవ తరగతి బాలిక యొకతె దానిని మరల టంకముపెట్టి నాకంటె చక్కగా అతికెను.

తరువాత నొక దయ్యము కనబడెను. ఒక బాలుడు ఏ, ఎస్, డి మీటలను మూడింటిని ఒక్కసారి నొక్కగా, ఎవరును తాకని 'ఎఫ్' తెరపై పడెను. అందరును పకాలున నవ్విరి. ఇందలి రహస్యమిది: ఏ, ఎస్ అనునవి ఒక నిలువు వీధిలోనివి, డి, ఎఫ్ దాని ప్రక్క వీధిలోనివి. ఏ, డి ఒక అడ్డు వీధిపైనను. ఎస్, ఎఫ్ మరియొక అడ్డు వీధిపైనను ఉన్నవి. నాలుగును కలిసి యొక చతురస్రము. మూడు మూలలు మూసినప్పుడు విద్యుత్తు ఆ మూడు మూలలగుండ చుట్టు తిరిగివచ్చి నాలుగవ మూలయు మూసినట్లే కనబడును. ప్రతి మీటకును డయోడు పెట్టిన ఈ భ్రాంతి తొలగును గాని, అందుకు పలకను కోయవలెను. మేము ఆ పని చేయక, ఇట్టి చతురస్ర మేర్పడినప్పుడు క్రొత్త మీటను లెక్కింపకుమని దుభాషికి నేర్పితిమి.

ఇంతవరకు తీగల కథ. అసలు తగవు ఇటుపైని వచ్చినది. పాత పలకపై షిఫ్టుతో 2 నొక్కిన జంట ఉల్లేఖన చిహ్నము. నేటి అమెరికా పద్ధతి కీబోర్డుపై అదే నొక్కుడునకు @ గుర్తు. పాతదానిపై @ గుర్తునకు ప్రత్యేకమైన మీటయే గలదు. బాణపు గుర్తు మీటలు నాలుగు లేవు, రెండే యున్నవి. క్రిందికి పోవు మీటను షిఫ్టుతో నొక్కిన పైకి పోవును. దుభాషి ఏమి చేయవలెను? మీటపై అచ్చు వేసిన గుర్తునకు విధేయుడై యుండవలెనా, మీటయున్న స్థానమునకు విధేయుడై యుండవలెనా?

గుర్తు ననుసరించినచో చూచి నొక్కువారికి సుఖము. కాని దుభాషికి శ్రమ యెక్కువ. షిఫ్టుతో 7 నొక్కినప్పుడు ఒంటి ఉల్లేఖన చిహ్నము పడుటకు, వ్రేలు షిఫ్టుపై నుండగనే, 'షిఫ్టు విడువబడినది' అని కంప్యూటరునకు చెప్పవలసివచ్చును. స్థానము ననుసరించినచో శ్రమ లేదు. చూచి నొక్కువారు మాత్రము మోసపోవుదురు. పెద్ద తరగతి బాలురు గుర్తు పక్షమును, నేను స్థానపు పక్షమును వహించి వారము దినములు వాదించుకొంటిమి.

తుదకు తెలుగు వచ్చి తగవు తీర్చినది. ప్రభుత్వ ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో కంప్యూటరు మీట పేరును చూడక స్థానమునే చూచును. 'కె' స్థానమున క, షిఫ్టుతో ఖ. 'ఎల్' స్థానమున త. 'పి' ప్రక్క స్థానమున డ యుండవలెను. పాత పలకపై అచ్చట @ మీట గలదు. గుర్తు పద్ధతిలో నున్నంతసేపు @ నొక్కిన, దుభాషి షిఫ్టు 2 అని పంపుటచే, డ రానేరదు. స్థానపు పద్ధతికి మార్చగనే @ మీట డ పలికినది, సెమికోలను మీట ట పలికినది. కావున ఇంగ్లీషునకు గుర్తు పద్ధతియు, తెలుగునకు స్థానపు పద్ధతియు, రెండును ఉంచితిమి.

వానిని మార్చుటకు పని లేక కూర్చున్న రెస్టోర్ మీటను నియమించితిమి. అయితే అది రిటర్న్ మీటకు పైననే యుండుటచే పొరపాటున తగిలి, ఇంగ్లీషు వాక్యము నడుమ గుర్తులు తారుమారయ్యెడివి. పాత యంత్రములో రెస్టోర్ ఒంటరిగా పనిచేయక, రన్ స్టాప్ మీటను పట్టియుండి కొట్టిననే పనిచేయుట వాడుకయని తెలిసికొని, మేమును అదే నియమము పెట్టితిమి. నాటినుండి పొరపాటు లేదు.

ఈ వ్యాసపు మొదటి ప్రతిని ఆ మీటలపైననే కొట్టితిని. పలక ప్రస్తుతము సైన్సు గదిలో కిటికీ ప్రక్క బల్లపై నున్నది. శనివారము సాయంకాలమున తలిదండ్రులును వచ్చి చూడవచ్చును. ఎవరి యింటనైనను ఇట్టి పాత పలక యటుకపై పడియున్నయెడల, దయచేసి దాని తీగను కోయక, కనెక్టరుతో సహా తెచ్చి యిండు.