డిగ్రీ తర్వాత విదేశాల్లో వెటర్నరీ.. ఫీజు కట్టే ముందు ఇది చూసుకోండి!

డిగ్రీ అయిపోయాక పశువుల డాక్టర్ కావాలనిపించిందా? మన దగ్గర బీవీఎస్సీలో ఇంటర్ బైపీసీతోనే చేరతారు. అమెరికాలో మాత్రం డిగ్రీ స్థాయి సైన్స్ సబ్జెక్టులు చదివాకే నాలుగేళ్ల డీవీఎం. ఎడిన్‌బరా, లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీల్లోనూ గ్రాడ్యుయేట్లకు నాలుగేళ్ల కోర్సులున్నాయి.

అయితే మార్కులొక్కటే చాలవు. అమెరికా కాలేజీలు ఎక్కువగా వీఎంసీఏఎస్ పోర్టల్‌లోనే దరఖాస్తులు తీసుకుంటాయి. జంతువులతో ఎన్ని గంటలు పనిచేశారో అందులో చూపించాలి. ఊళ్లో పశువుల ఆస్పత్రి అయినా, డెయిరీ అయినా తేదీలు, గంటలు అప్పటికప్పుడే రాసిపెట్టుకోండి. తర్వాత గుర్తుచేసుకుని రాద్దామంటే కుదరదు. అక్కడి డాక్టర్‌తో సిఫారసు లేఖ కూడా కావాలి. రేబిస్ టీకా ముందే వేయించుకుంటే మంచిది.

అసలు తిరకాసు చదువయ్యాకే. ఏవీఎంఏ గుర్తింపున్న కాలేజీలో చదివితే అమెరికా లైసెన్స్ కోసం నేరుగా నావ్లే పరీక్ష రాయొచ్చు. లేదంటే అదనపు పరీక్షలు తప్పవు. మరి ఇండియాకు తిరిగొస్తే? 1984 వెటర్నరీ కౌన్సిల్ చట్టం రెండో షెడ్యూల్‌లో విదేశీ డిగ్రీల జాబితా ఉంది. మీ డిగ్రీ అందులో లేకపోతే లక్షలు పోసినా ఇక్కడ ప్రాక్టీస్‌కు చిక్కే. కన్సల్టెన్సీ మాట నమ్మి ఊరుకోకండి. అడ్వాన్స్ కట్టకముందే వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాను రాతపూర్వకంగా అడగండి.