బొమ్మల కథ పంపి జవాబుకై వేచియుండుట



తపాలాబంట్రోతు వచ్చు వేళకు అరుగుమీద కూర్చుండి వీథి మలుపువైపు చూచిన దినములు మీలో ననేకులకు జ్ఞాపకముండును. ఒకరు కుమారుని మనియార్డరుకై, ఒకరు పెండ్లిసంబంధపు జాబుకై, ఒకరు ఉద్యోగపు ఉత్తర్వుకై చూచెడివారు. నలుబది యేండ్ల క్రిందట నేనును అట్లే చూచితిని. నేను చూచినది మాత్రము ఒక బొమ్మల కథను గూర్చిన జవాబుకొఱకు. సాయంకాలము మా తండ్రిగారు పొలమునుండి వచ్చి కాళ్లు కడుగుకొనుచు, "ఏమిరా, జవాబు వచ్చినదా?" అని యడిగెడివారు. "ఇంకను రాలేదు నాన్నగారూ" అనెడివాడను. రెండు నెలలైన పిమ్మట ఆయన అడుగుట మానిరి. అడుగుటకంటె ఆ మానుటయే నన్నెక్కువ బాధించినది.

ఈ నిరీక్షణము ఏల ఇంత దీర్ఘమగునో, దానిలో నిజమైన అపాయ మెక్కడ నున్నదో నేడు మనవి చేసెదను. మీ యింటి పిల్లలలో ఒకరైనను ఇట్టి వ్రాతలు వ్రాసి పంపుచుండవచ్చును. ఇప్పుడు తపాలాకు బదులు ఈ-మెయిలున పంపుదురు గాని, వేచియుండుట మాఱలేదు.

మొదట బొమ్మల కథ యననేమో చెప్పవలయును. 1947 జూలైలో చెన్నపట్టణమున ప్రారంభమైన చందమామను మీరు చదివియుందురు. అందు కథ యుండెడిది, కథకు తోడుగా బొమ్మ యుండెడిది. బొమ్మను మూసి చదివినను కథ తెలిసెడిది. బొమ్మల కథలో నట్లు కాదు. పుట గడులు గడులుగా నుండును. గడి గడికి కథ నడచును. మనుష్యుల మాటలు వారి నోటినుండి వెడలినట్లు బుడగలలో వ్రాయబడును. ఇందు కథకుడు బొమ్మ గీయనక్కఱలేదు. అతడు వ్రాయునది యిట్లుండును: "మొదటి గడి. ఎండిన చెఱువు. గట్టుపై ముసలివాడొకడు. మాటలు లేవు. రెండవ గడి. ముసలివాని ముఖము దగ్గఱగా. అతడనును: వాన వచ్చునా?" ఇల్లు కట్టు మేస్త్రికి ఇచ్చు పటమెట్టిదో చిత్రకారునికి ఈ వ్రాతప్రతి యట్టిది. పటమును చూచి ఇంటిని ఊహించుట అందఱకు చేతకాదు. సంపాదకుడు ప్రతి గడిని మనసున గీసికొని చదువవలయును. కావున చదువుటయే ఆలస్యము.

అంగీకరించుట అంతకన్న ఆలస్యము. ఒక సాధారణ కథను అంగీకరించిన ప్రకాశకునికి కాగితము, కూర్పు, అచ్చు వీని ఖర్చు. బొమ్మల కథకో, దీనికి ముందుగా చిత్రకారుడు కావలయును, రంగులు వేయువాడు కావలయును, బుడగలలో అక్షరములు వ్రాయువాడు కావలయును. వీరందఱ నెలల కూలి లెక్కింపక సంపాదకుడు "సరే" యనజాలడు. ఒకరు మెచ్చినను లెక్కలు చూచువారు ఒప్పవలయును.

ఇక కార్యాలయమున జరుగునది వినుడు. ఈ నెల సంచిక ఈ నెలనే అచ్చునకు పోవలయును. ఆ పని ముందు. పిలువకయే వచ్చిన వ్రాతప్రతులు బల్లమీద ఒక ప్రక్క చేరును. వానిని తీఱిక దొరకినప్పుడే చూతురు. అమెరికాలోని మార్వెల్, డీసీ వంటి పెద్ద సంస్థలు క్రొత్తవారు తమంత పంపు వ్రాతప్రతులను చదువనే చదువవు. తరువాత తామచ్చువేసిన కథను చూచి "ఇది నాది" యని ఎవరైన వ్యాజ్యము వేయుదురను భయము దానికొక కారణము. మఱికొన్ని సంస్థలు, "ఇన్ని నెలలలో జవాబు రానిచో అక్కఱలేదని యెంచుకొనుడు" అని ముందే ప్రకటించును.

కావున మౌనమునకు నాలుగర్థములు కలవు. అందలేదు, అందినది గాని చదువలేదు, చదివిరి గాని తేల్చుకొనలేదు, చదివి వలదనుకొనిరి. పంపినవానికి ఈ నాలుగింటిలో ఏది నిజమో తెలియదు. అయినను మనస్సు ప్రతి దినము నాలుగవదానినే ఎన్నుకొనును. ఇదియే దీనిలోని బాధ.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున చార్లెస్ షుల్జ్ అను యువకుడుండెను. ఆయన బొమ్మలును తానే గీసెడివాడు. 1950లో తన బొమ్మలను న్యూయార్కునకు, పత్రికలకు బొమ్మల కథలను సరఫరా చేయు నొక సంస్థకు పంపెను. చాలకాలము జవాబు రాలేదు. అప్పుడాయన, నేను పంపినవి మీకందినవా, త్రోవలో పోయినవా యని వినయముగా జాబు వ్రాసెను. వారు ఆ బొమ్మలు తమకు నచ్చినవనియు, వచ్చి కలిసికొమ్మనియు వ్రాసిరి. ఆ యేడు అక్టోబరు 2వ తేదీన అవి "పీనట్స్" అను పేర ఏడు పత్రికలలో మొదలై, 2000 ఫిబ్రవరి వఱకు నడచినవి.

నేనట్లు చేయలేదు. మఱల అడిగినచో చులకన యగుదునని సిగ్గుపడి పదునొకండు నెలలు ఊరకుంటిని. తుద కొక కార్డు వ్రాయగా పది దినములలో జవాబు వచ్చినది: నేను చెప్పిన కట్ట తమకు చేరనే లేదని. ఎవరును త్రోసివేయని కథకై ఏడాది దుఃఖించితినన్నమాట.

అయినను కాలము పోవుట పెద్ద నష్టము కాదు. పెద్ద నష్టము వేఱొకటి కలదు. ప్రత్తి బస్తాలతో యార్డులో మూడు దినములు పడియున్న రైతు నాలుగవనాడు వచ్చిన ధరకే తూచి యిచ్చును. దీర్ఘ నిరీక్షణము బేరమును చెఱచును. వ్రాతగానికిని అంతే.

క్లీవ్‌లాండు నగరమున జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను ఇద్దఱు స్నేహితులుండిరి. ఇద్దఱును 1914లో పుట్టినవారే. ఒకడు వ్రాయును, ఒకడు గీయును. వారు కల్పించిన సూపర్‌మాన్ కథను పత్రికలవారికి పంపుచు, త్రిప్పి పంపగా మఱియొకరికి పంపుచు కొన్ని యేండ్లు గడపిరి. 1938లో ఒక సంస్థ అంగీకరించినది. పదుమూడు పుటలకు, పుటకు పది డాలర్ల చొప్పున, ఇద్దఱకు కలిపి 130 డాలర్లు. ఆ సొమ్ముతో సర్వహక్కులును సంస్థకు పోయినవి. 1938 జూన్ తేదీతో వెలువడిన "యాక్షన్ కామిక్స్" మొదటి సంచికలో ఆ కథ అచ్చయి లోకమంతట ప్రాకినది. 1947లో వారు హక్కులకై న్యాయస్థానమున కెక్కిరి గాని సూపర్‌మాన్ వారికి తిరిగి రాలేదు. ముసలితనమున వారి దురవస్థ పత్రికల కెక్కగా, 1975లో అప్పటి యజమానులు ఒక్కొక్కరికి ఏటేట 20,000 డాలర్లు ఇచ్చుటకును, కథపై వారి పేర్లు వేయుటకును ఒప్పుకొనిరి. ఆ యిద్దఱు తెలివి లేనివారు కారు. ఏండ్ల తరబడి "వద్దు" విన్న చెవికి "సరే" యను మాట యెంత తీయగా నుండునో నేనెఱుగుదును.

నా రెండవ కథకు మఱియొక ప్రకాశకుని నుండి నిజముగనే జవాబు వచ్చినది. కొద్ది సొమ్ము, దానితో అచ్చు కాగితము. "సర్వహక్కులును శాశ్వతముగా" అని యుండెను. నేను కలము తీసితిని. బొమ్మల కథ యెన్నడును చదువని మా తండ్రిగారు ఆ కాగితమును దీపము దగ్గఱ పెట్టుకొని భూమి దస్తావేజు చదివినట్లు రెండు మాఱులు చదివి, "హద్దులు వ్రాయని దస్తావేజుపై నేనెన్నడును వ్రాలు చేయలేదు" అనిరి. ఎన్ని యేండ్లకు, ఏ భాషకు, ఏ పుస్తకమునకు అని అడిగి వ్రాయించిరి. ఆ జాబునకు జవాబు రాలేదు. ఆ కథ నేటికిని అచ్చు కాలేదు. ఒక యేడు ఆయనపై నాకు కోపముండెను. మూడవ కథ వేఱొకచోట హద్దులతోనే అచ్చయినది. సీగెల్, షూస్టర్ల వృత్తాంతము చదివిన నాటికి ఆ కోపము పోయినది.

మన దేశమున 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము ఈ హద్దులనే చెప్పుచున్నది. ఊరక తోచిన యూహకు హక్కు లేదు. వ్రాసిన రూపమునకే హక్కు. రచన పంపినంత మాత్రమున హక్కు పోదు; వ్రాతమూలకముగ వ్రాలు చేసి యిచ్చిననే పోవును. ఆ కాగితమున కాలము చెప్పనిచో అయిదేండ్లకనియు, దేశము చెప్పనిచో భారతదేశమునకు మాత్రమే యనియు ఎంచవలయును. హక్కు పుచ్చుకొన్నవారు ఒక యేడు దానిని వాడనిచో, కాగితమున వేఱుగా లేకున్న, ఆ హక్కు తిరిగి వచ్చును. హక్కు అమ్ముకొన్నను, ఆ రచన తనదని చెప్పుకొను అధికారము రచయితకుండును. రచయిత జీవితకాలము, ఆ పిమ్మట అఱువది యేండ్లు గ్రంథస్వామ్యము నిలుచును. అనగా మీ మనుమలకును చేరు ఆస్తి యన్నమాట.

కావున పంపువాడు తన వ్రాతప్రతికి నకలు ఉంచుకొనవలయును. పంపిన తేదీ వ్రాసికొనవలయును. చెప్పిన గడువు దాటగానే సిగ్గుపడక రెండు పంక్తుల జాబు వ్రాయవలయును. మఱునాడే వేఱొక కథ ప్రారంభింపవలయును. చేతిలో మఱియొక కథ యున్నవాడు మొదటిదానిని తెగనమ్ముకొనడు.

మీరు చేయదగినది రెండు. కాగితము వచ్చినప్పుడు దానిని భూమి కాగితమువలె మీరును చదువుడు; ఆ చదువు మీకు బాగుగా తెలిసినదే. అంతవఱకు ఆ పిల్లవానిని "జవాబు వచ్చినదా?" యని యడుగకుడు, అట్లని మా తండ్రిగారివలె ఊరకుండకుడు. "తరువాతి కథ ఎంతవఱకు వచ్చినది?" అని యడుగుడు. ఆ ప్రశ్నకు ప్రతి సాయంకాలము అతనియొద్ద జవాబుండును.

సెలవు.